సపేలో దీవి బిలాలీ

అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తోలు అట్ట వేసిన చిన్న పుస్తకం ఒకటి ఉంది. మొత్తం 13 పుటలు. సిరా కాగితం వెనక్కి దిగి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లిపి అరబీ. రాసినవాడు ఒక బానిస. దాదాపు 80 ఏళ్ళపాటు ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్ళంతా అది ఆ బానిస రాసుకున్న దినచర్య అనుకున్నారు. తన కష్టాలు, యజమాని లెక్కలు, ఇంటి బెంగ అందులో ఉంటాయని ఊహించారు. నిజానికి అది మదర్సాలో పసివాళ్ళకు చెప్పే పాఠమని 1939లోగాని బయటపడలేదు.

ఆ బానిస పేరు బిలాలీ ముహమ్మద్. కొందరు ఆయనను బెన్ అలీ అని రాశారు, కొందరు బూ అల్లా అని రాశారు. తెల్లవారి చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారన్నమాట. ఆయన పుట్టింది పశ్చిమ ఆఫ్రికాలో, నేటి గినీ దేశంలోని ఫూటా జల్లోన్ కొండసీమలో, టింబో పట్టణంలో. పుట్టిన సంవత్సరం సుమారు 1770 అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరును గమనించండి. హజ్రత్ బిలాల్ (రజి) మక్కాలో బానిసగా ఎండలో కాలే ఇసుక మీద చిత్రహింసలు అనుభవించి, విముక్తి పొంది, మస్జిదె నబవీలో మొట్టమొదటి ముఅజ్జిన్ అయ్యారు. స్వేచ్ఛ గల ఇంట పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టినప్పుడు, తమ బిడ్డ కథ తలక్రిందులుగా నడుస్తుందని ఆ తల్లిదండ్రులు అనుకొని ఉండరు.

టింబో ఆనాడు మామూలు ఊరు కాదు. 1720లలో అక్కడి ఫులానీ ఉలమాలు ఒక ఇమామత్‌ను స్థాపించారు. టింబో దానికి రాజధాని అయింది. పిల్లవాడికి ఏడేళ్ళు వచ్చేసరికి చేతికి చెక్కపలక ఇచ్చేవారు. ఉస్తాదు దాని మీద ఆయతు రాస్తే పిల్లవాడు కంఠస్థం చేసి, అప్పజెప్పి, పలక కడిగి మరొకటి రాయించుకునేవాడు. సాయంత్రం పూట కట్టెల మంట చుట్టూ కూర్చుని ఆ వెలుతురులో చదువుకునేవారు. ఖుర్ఆన్ తరువాత ఫిఖ్హ్ (ధర్మశాస్త్రం). ఆ దేశమంతా మాలికీ మజ్‌హబ్ అనుసరించేది. మాలికీ పిల్లలకు మొదటి ఫిఖ్హ్ గ్రంథం రిసాలా. ఖైరవాన్ పట్టణానికి చెందిన ఇబ్నె అబీ జైద్ (హిజ్రీ 310-386) దాన్ని రాశారు. పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే ఒక ఉస్తాదు కోరితే వారి కోసమే రాశారు. మన హనఫీ మదర్సాలలో ఖుదూరీ ఎలాంటిదో అక్కడ రిసాలా అలాంటిది. బిలాలీ దాన్ని చదివాడు. ఎంత వరకు చదివాడో చెప్పలేం. చదివింది మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు.

యువకుడుగా ఉన్నప్పుడే ఆయన పట్టుబడి, సముద్రతీరానికి చేరి, బానిస ఓడ ఎక్కాడు. ఈ సందర్భంలో ఒక చేదు నిజం చెప్పక తప్పదు. ఫూటా జల్లోన్ ఇమామత్ కూడా యుద్ధాలలో చిక్కినవారిని తీరంలోని వర్తకులకు అమ్మింది. కొన్నది యూరపువాళ్ళు, ఓడలు నడిపింది యూరపువాళ్ళు. కాని అమ్మినవారిలో నమాజు చదివేవాళ్ళు కూడా ఉన్నారు. టింబో రాజవంశానికే చెందిన అబ్దుర్రహ్మాన్ 1788లో పట్టుబడి, అమెరికాలో మిసిసిపీ తీరపు నాచెజ్ పట్టణం దగ్గర 40 ఏళ్ళు బానిసగా బతికి, 1828లో విడుదలై, మరుసటి ఏడాది ఆఫ్రికా తీరంలోని లైబీరియాలో చనిపోయాడు. టింబో చేరుకోలేకపోయాడు. బిలాలీకి అంత మాత్రపు తిరుగు ప్రయాణం కూడా దక్కలేదు.

ఆయనను మొదట బహామా దీవులకు చేర్చారు. అక్కడ కొన్నేళ్ళున్నాడు. పెళ్ళి అక్కడే అయిందని, పెద్ద కూతుళ్ళు అక్కడే పుట్టారని వంశస్థుల మాట. భార్య పేరు ఫీబీ. 1802 ప్రాంతంలో థామస్ స్పాల్డింగ్ అనే జార్జియా భూస్వామి ఆయనను కొన్నాడు. స్పాల్డింగ్ అదే కాలంలో సపేలో దీవి దక్షిణ భాగాన్ని కొని ఎస్టేటు పెడుతున్నాడు.

ఈ దీవుల సంగతి పాఠకులకు కొంచెం వివరించాలి. అమెరికా తూర్పు తీరంలో ఉత్తర కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా తీరాన్ని ఆనుకుని వందల కొద్దీ దీవులున్నాయి. నేలకూ దీవికీ మధ్య ఉప్పుటేర్లు, బురద గడ్డి మైదానాలు. అక్కడ వరి, నీలిమందు, పొడవు పింజె పత్తి పండించారు. వరి సాగు తెల్లవారికి తెలియదు. అందుకని సియెర్రా లియోన్, గినీ, సెనెగల్ తీరాలలో వరి పండించే ఆఫ్రికన్లను ఏరి కోరి కొన్నారు. ఎక్కువమంది చార్లెస్టన్ రేవులో దిగారు. దోమలూ జ్వరాలూ పట్టి పీడించే ఎండాకాలంలో యజమానులు దీవులు వదిలి పట్టణాలకు పోయేవారు. కాబట్టి అక్కడి నల్లవారు తమలో తాము ఎక్కువగా మసలుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాని పాతిక జాతులవారు ఇంగ్లీషు మాటలూ ఆఫ్రికా మాటలూ కలిపి ఒక కొత్త భాష కట్టుకున్నారు. ఆ భాషనూ ఆ మనుషులనూ దక్షిణ కరోలినాలో గుల్లా అంటారు. జార్జియాలో గీచీ అంటారు. వాళ్ళు గడ్డితో అల్లే బుట్టలూ, బియ్యం చెరిగే చేటలూ ఇవాళ్టికీ ఆఫ్రికాలోని వాటి అచ్చుల్లా ఉంటాయి. గుల్లా పద్ధతిలో వరి దంచే రోలూ రోకలీ చూస్తే మన పల్లెవాళ్ళు కూడా గుర్తుపడతారు.

ఆ వచ్చినవారిలో ముస్లింలు కొద్దిమందే. మిగిలినవారివి వేరువేరు మతాలు, ఆచారాలు. బిలాలీ బతుకును తలచుకునేటప్పుడు ఇది మరచిపోకూడదు. ఆయన చుట్టూ జమాఅత్ లేదు, మస్జిదు లేదు, కితాబు లేదు, ఖాజీ లేడు.

స్పాల్డింగ్ ఆయనను మేస్త్రీగా చేశాడు. దీవి మీద నాలుగైదు వందల మంది బానిసలు. వారికి పని పురమాయించడం, పని తీసుకోవడం, పంట లెక్క చూడడం ఆయన బాధ్యత. సాధారణంగా ఇలాంటి ఎస్టేటులో పైన తెల్ల ఓవర్సీరు ఉంటాడు. సపేలోలో చాలాకాలం బిలాలీయే దాదాపు ఓవర్సీరు. చదువు వచ్చినవాడు, లెక్క తెలిసినవాడు, తాగుడు ఎరగనివాడు యజమానికి దొరకడమే కష్టం. దొరికినప్పుడు వదులుకోడు.

ఇక్కడే మాకు మనసు కుదుటపడదు. మేస్త్రీ చేతిలో కొరడా ఉంటుంది. బిలాలీ ఎవరినైనా కొట్టాడో లేదో మనకు రాతపూర్వకంగా ఏమీ లేదు. స్పాల్డింగ్ ఆ కాలపు యజమానులలో కొంత మెతకవాడని పేరు. రోజుకు ఇంత పని అని కొలిచి ఇచ్చేవాడు, ఆ పని అయిపోతే మిగతా పొద్దు బానిసదే. అయినా బానిసత్వం బానిసత్వమే. 1803లో ఇదే స్పాల్డింగ్, పొరుగు దీవి యజమాని కూపర్ కలిసి సవానా బజారులో ఇగ్బో జాతివారిని కొన్నారు. ఓడలో తెస్తుండగా సెయింట్ సైమన్స్ దీవి దగ్గర ఆ ఇగ్బోలు తిరగబడి, ఒడ్డుకు దిగి, బానిసలుగా బతకడం ఇష్టం లేక ఏటిలోకి నడిచిపోయారు. పదిమందికి పైగా మునిగిపోయారు. ఆ చోటును నేటికీ ఇగ్బో లాండింగ్ అంటారు. అదే యజమాని, అదే ఏడాది, అదే నీళ్ళు. వాళ్ళు ఒక దారి ఎంచుకున్నారు. బిలాలీ బతికే దారి ఎంచుకున్నాడు. ఫిఖ్హ్ చదివినవాడికి ప్రాణం తీసుకోవడం హరామ్ అని తెలుసు, సరే. కాని మేస్త్రీ పని ఒప్పుకోవడం మాట ఏమిటి? దూరాన కూర్చుని తీర్పు చెప్పడం మాకు సమ్మతం కాదు. అడగకుండా దాటిపోవడం కూడా సమ్మతం కాదు.

ఆయన బతుకులో నమాజు ఎలా నడిచిందో మనకు తెలిసింది ఎక్కువగా ముని మనుమల నోటి నుంచే. 1930లలో ప్రభుత్వ పథకం కింద కొందరు రచయితలు జార్జియా తీరపు నల్లజాతి వృద్ధుల జ్ఞాపకాలు సేకరించి 1940లో పుస్తకంగా వేశారు. సపేలోలో కేటీ బ్రౌన్ అనే వృద్ధురాలు, బిలాలీ కూతురు మార్గరెట్‌కు మనుమరాలు, తన చిన్ననాడు విన్నది చెప్పింది. బిలాలీ, ఫీబీ ఇద్దరూ వేళ తప్పకుండా ప్రార్థించేవారట. పొద్దు పొడిచేటప్పుడు, నడినెత్తికి వచ్చినప్పుడు, కుంకేటప్పుడు. మోకరిల్లడానికి చిన్న చాప ఉండేది. చేతిలో పొడవైన పూసల మాల. బిలాలీ పూస జరుపుతూ మూడు మాటలు అనేవాడని ఆమె పలికి చూపింది. ఆ మూడింటిలో ఒకటి తక్బీర్ విరిగిన రూపం, ఒకటి ప్రవక్త (సల్లం) పేరు. అరబీ వచ్చిన ఎవరైనా వెంటనే పోల్చుకుంటారు. పక్కన ఫీబీ ఆమీన్ అనేది.

వాళ్ళు సూర్యుడికి మొక్కేవారని ఆ పిల్లల నమ్మకం. జార్జియా నుంచి కాబా తూర్పు వైపున పడుతుంది. పొద్దున్నే తూర్పుకు తిరిగి సజ్దా చేసే తాతను చూసిన పసివాళ్ళకు అంతకంటె ఏం అర్థమవుతుంది? మూడు పూటలే చెప్పారు గదా అని కొందరు పరిశోధకులు ఆశ్చర్యపోయారు. మాకు అందులో వింత కనిపించలేదు. చీకటి పడ్డాక చదివే ఇషా పిల్లలు చూడరు. అస్ర్ వేళకు అందరూ పత్తి చేలలో ఉంటారు.

బిలాలీకి ఏడుగురు కూతుళ్ళని కేటీ బ్రౌన్ చెప్పింది. మార్గరెట్, బెంటూ, చాలుట్, మెదీనా, యారుబా, ఫాతిమా, హెస్టర్. ఈ పేర్లను నెమ్మదిగా ఇంకోసారి చదవండి. ఒక పేరు ప్రవక్త (సల్లం) కుమార్తెది, ఒక పేరు ఆయన నగరానిది. పక్కనే యజమాని భాషలో మార్గరెట్, హెస్టర్. ఒకే ఇంట్లో రెండు లోకాలు.

ఆయన వేషం గురించి ఒక తెల్ల స్త్రీ 1901లో తన చిన్ననాటి జ్ఞాపకాలలో రాసింది. సపేలోలో ఒక ముస్లిం కుటుంబం ఉండేదని, వాళ్ళు తమలో తాము పరాయి భాషలో మాట్లాడుకునేవారని, ఇంటి పెద్ద బిలాలీ ఎప్పుడూ తుర్కీ టోపీ వంటి టోపీ పెట్టుకునేవాడని. నీటికి అవతలి సెయింట్ సైమన్స్ దీవిలో సాలిహ్ బిలాలీ అనే మరొక మేస్త్రీ ఉండేవాడు. నేటి మాలీ దేశంలోని మాసీనా ఆయన స్వస్థలం. మద్యం ముట్టడని, రమజాన్ ఉపవాసాలు నిష్ఠగా ఉంటాడని ఆయన యజమానే రాసిన ఉత్తరం 1844లో అచ్చయింది. ఇద్దరూ స్నేహితులు. ఇద్దరి మధ్య సముద్రపు పాయలు. ఈద్ చంద్రుణ్ణి ఎవరి దీవి మీద నుంచి వాళ్ళే చూసి ఉంటారు.

1812లో అమెరికాకూ బ్రిటన్‌కూ యుద్ధం మొదలైంది. కొద్ది కాలానికి బ్రిటిష్ నౌకాదళం ఈ దీవుల చుట్టూ తిరగసాగింది. తమవైపు వచ్చిన బానిసలకు స్వేచ్ఛ ఇస్తామని వాళ్ళు ప్రకటించారు. 1815 జనవరిలో కంబర్లాండ్ దీవిని ఆక్రమించారు. సెయింట్ సైమన్స్ మీద దిగారు. వందల మంది బానిసలు వాళ్ళ ఓడలెక్కి స్వతంత్రులయ్యారు. స్పాల్డింగ్ తన దీవి కాపాడుకోవడానికి 80 తుపాకులు తెప్పించి బిలాలీ చేతికి ఇచ్చాడు. బానిసల చేతికి తుపాకి ఇవ్వడం ఆ దేశంలో చాలా అరుదైన పని. తన మతంవాళ్ళు ప్రతి ఒక్కరికీ తాను పూచీ అని, మిగతావాళ్ళకు పూచీ పడలేనని బిలాలీ యజమానికి చెప్పాడని ప్రతీతి. బ్రిటిష్‌వారు సపేలో మీద దిగలేదు.

ఈ ఘట్టం రాసేవాళ్ళు చాలామంది బిలాలీ విశ్వాసపాత్రతను మెచ్చుకుని ముందుకు సాగిపోతారు. మేము అంత తేలిగ్గా సాగిపోలేకపోతున్నాం. ఆ 80 తుపాకులు కాపాడింది ఎవరిని? అవతల ఓడ మీద ఉన్నది స్వేచ్ఛ. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం మన దీన్‌లో పెద్ద విషయం, నిజమే. అయితే బలవంతాన కొన్నవాడికి ఇచ్చిన మాటకు ఆ విలువ ఉంటుందా? ఆయనకు భార్య, ఏడుగురు ఆడపిల్లలు. బ్రిటిష్ ఓడల్లో బహామాలకో మరెక్కడికో చేరినవారి గతి ఏమవుతుందో, ఒకసారి ఓడ దిగినవాడికి తెలుసు. మళ్ళీ ఇంకొక ఓడను నమ్మలేకపోయాడేమో. ఇది మా ఊహ. ఆయన తన కారణం ఎక్కడా రాయలేదు. రాసే విద్య ఉండి కూడా రాయలేదు.

1824లో సపేలో మీద పెద్ద తుపాను విరుచుకుపడింది. స్పాల్డింగ్ ఆ సమయంలో దీవి మీద లేడు. సముద్రం పొలాలమీదికి ఎక్కింది. గుల్ల సున్నం, ఇసుక కలిపి పోత పోసిన దిట్టమైన గోడల కట్టడాలు ఎస్టేటులో కొన్ని ఉండేవి. బిలాలీ జనాన్ని పోగుచేసి ఆ గోడల మధ్యకు చేర్చాడు. వందల ప్రాణాలు దక్కాయి. తుపాకుల విషయంలో మాకున్న సందేహం ఇందులో లేదు. ఆ రాత్రి యజమాని పురమాయించడానికి ఎవరూ లేరు, ఆయన బుద్ధికి తోచింది ఆయన చేశాడు.

స్పాల్డింగ్ 1851లో చనిపోయాడు. బిలాలీ ఇంకా కొన్నేళ్ళు బతికాడు. ఆ చివరి సంవత్సరాలలోనే ఆయన ఆ 13 పుటల పుస్తకాన్ని ఎదురు ఒడ్డున ఉన్న డేరియన్ పట్టణంలో ఫ్రాన్సిస్ గౌల్డింగ్ అనే రచయితకు ఇచ్చాడు. గౌల్డింగ్ క్రైస్తవ బోధకుడు, పిల్లల నవలలు రాసినవాడు. కూతుళ్ళు ఏడుగురు ఉండగా, మనుమలు ఉండగా, ఆ పుస్తకం ఒక పాదరీ చేతికి ఎందుకు వెళ్ళింది? దీవి మీద దాన్ని చదవగలవాళ్ళు లేరు. కనీసం రాతకు విలువ ఇచ్చేవాడి దగ్గర ఉంటే కాగితం నిలుస్తుందనుకున్నాడని మేము అనుకుంటున్నాం. అలా అయితే ఆయన లెక్క తప్పలేదు. 1857లో బిలాలీ కన్నుమూశాడు. బానిసగానే. దేశంలో బానిసత్వం రద్దయింది మరో ఎనిమిదేళ్ళకు, 1865లో.

చనిపోయాక ఆయన మీద ఒక విచిత్రం జరిగింది. 1896లో జోయెల్ చాండ్లర్ హారిస్ అనే పేరుగల రచయిత పిల్లల కథలో బెన్ అలీ అనే పాత్ర పెట్టాడు. ఆ పాత్ర ఆఫ్రికన్ కాదట, అరబ్బు నాయకుడట. నల్లవాడు చదువుకుని ఉంటాడని ఆ తెల్ల పాఠకులు నమ్మరు. కాబట్టి చదువు ఉన్నవాణ్ణి అరబ్బుగా మార్చేశారు. పుస్తకం దినచర్య అనే మాట కూడా ఈ కథల వల్లనే స్థిరపడింది.

1931లో గౌల్డింగ్ కుమారుడి దగ్గరి నుంచి పుస్తకం జార్జియా రాష్ట్ర గ్రంథాలయానికి చేరింది. చూసిన అరబీ పండితులు కొన్ని మాటలు కూడబలుక్కున్నారు, మిగతాది అర్థం కాలేదు. అప్పుడు జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే యువ పండితుడు, తరువాత ఆఫ్రికా భాషల వర్గీకరణలో ప్రఖ్యాతి పొందినవాడు, దాని నకలును నైజీరియాలోని కానో నగరానికి తీసుకుపోయి హౌసా ఉలమాల ముందు పెట్టాడు. అమెరికా పండితులకు లొంగని లిపి అక్కడి ఉస్తాదులకు లొంగింది. ఎందుకంటే వాళ్ళూ అదే చెక్కపలక మీద, అదే మగ్రిబీ తరహా రాతలో, అదే పాఠం చదివినవాళ్ళు. గ్రీన్‌బర్గ్ తన వ్యాసం 1940లో ప్రకటించాడు. అది రిసాలా. గ్రంథం పేరు, గ్రంథకర్త పేరు, పీఠికలోని భాగాలు, తరువాత వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) అధ్యాయం నుంచి, అజాన్, నమాజు అధ్యాయాల నుంచి భాగాలు.

తప్పులు చాలా ఉన్నాయి. అక్షరాలు మారాయి, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, వాక్యాలు మధ్యలో తెగాయి, ఒకే మాట పదేపదే వచ్చింది. పండితులు దాన్ని అరకొర చదువు అన్నారు. మేము ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు ఫిఖ్హ్ చెబుతున్నాం. ఈ పుస్తకం గురించి మొదటిసారి చదివిన రోజు, మేము పన్నెండేళ్ళ వయసులో చదివిన ఖుదూరీ తెరవకుండా తహారత్ అధ్యాయం రాయడానికి కూర్చున్నాం. ఏటా అదే పాఠం చెప్పేవాళ్ళం. ఒక పుట నిండేసరికి చెయ్యి ఆగింది. మూడో పేరాలో నాలుగో పేరా వచ్చి చేరింది. బిలాలీకి పాఠం చెప్పి అప్పటికి యాభై అరవై ఏళ్ళు. ఆ మధ్యలో చుట్టూ ఒక్క కితాబు లేదు, దిద్దే ఉస్తాదు లేడు. 13 పుటలు! ఆ తప్పులను మేము వేరే దృష్టితో చూస్తాం. అవి చెవితో నేర్చుకున్నవాడి తప్పులు. కొన్ని మాటలు ఆయన విన్నట్టే, తన ఫులానీ నోటికి పలికినట్టే రాశాడు.

ఏ అధ్యాయాలు రాశాడో కూడా చూడండి. కొనుగోలు అమ్మకాలు లేవు, వారసత్వపు వాటాలు లేవు. బానిసకు ఆస్తి ఎక్కడిది, పంపకం ఎక్కడిది? చేతులు కడగడం, ముఖం కడగడం, తల తుడవడం, పాదాలు కడగడం, అజాన్, నమాజు. నీళ్ళూ నేలా ఉంటే చాలు, ఇంకేదీ అక్కర లేని భాగం. ఆ దీవిలో అజాన్ బిగ్గరగా ఎప్పుడైనా వినిపించిందో లేదో తెలియదు. కాగితం మీద మాత్రం ఉంది. రాసినవాడి పేరు బిలాలీ.

మరి పిల్లలకు ఎందుకు నేర్పలేదు? ఈ ప్రశ్న ప్రతి ముస్లిం పాఠకుడికీ కలుగుతుంది. నేర్పాడనే అనుకోవాలి, ఒక మేరకు. మార్గరెట్ తల మీద తెల్లని వస్త్రం ముసుగులా వేసుకునేదని, అది భుజాల మీదికి జారేదని కేటీ బ్రౌన్ చెప్పింది. ఏటా ఒక రోజు మార్గరెట్ బియ్యం కడిగి, నీళ్ళు వంచి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే రోట్లో మెత్తగా దంచి, తేనె గాని పంచదార గాని కలిపి చేత్తో చదునైన బిళ్ళలు చేసేది. మన ఇళ్ళలో చలిమిడి చేసినట్టే. పిల్లలందరినీ పిలిచి ఆమీన్ చెప్పించి తలా ఒకటి పెట్టేది. హెస్టర్ మనుమడు షాడ్ హాల్ కూడా తన నాయనమ్మ ఇలాగే చేసేదని చెప్పాడు. ఆ బిళ్ళల పేరు సరాకా. సదఖా అన్నమాటే. పశ్చిమ ఆఫ్రికాలో సదఖాగా ఇలా బియ్యపు ఉండలు పంచిపెట్టే ఆచారం ఉంది. మనుమలకు అది ఒక తీపి పదార్థం పేరు. దానం అనే అర్థం పోయింది, దానం చేయడం మిగిలింది.

చదువు మాత్రం దాటలేదు. బానిసకు చదువు నేర్పడం జార్జియాలో చట్టరీత్యా నేరం. పొద్దుటి నుంచి చేలలో పని. ఆడపిల్లలు వేరే మతాల మగవారిని పెళ్ళాడారు, వేరే గతి లేదు. 1866లో, విముక్తి వచ్చిన మరుసటి ఏడాదే, సపేలోలో ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి వెలసింది. బిలాలీ మనుమలూ మునిమనుమలూ ఆ చర్చిలో పాడారు. కూడదని చెప్పే హక్కు మాకు లేదు. అరవై ఏళ్ళపాటు వారికి ఒక్క ముఅల్లిమ్‌ను కూడా పంపలేకపోయిన లోకంలో మనమూ ఉన్నాం. సమాధులు మాత్రం తూర్పు ముఖంగా తవ్వారు, చర్చిలో ప్రార్థన తూర్పు వైపుకు తిరిగి చేసేవారు. కారణం అడిగితే పెద్దవాళ్ళు అలా చేసేవారని చెప్పేవారు.

గుల్లా వారి ప్రార్థనలలో ఒకటి వలయంగా తిరుగుతూ, పాదం నేల నుంచి ఎత్తకుండా ఈడుస్తూ పాడేది. దాన్ని రింగ్ షౌట్ అంటారు. గుల్లా భాషలో ఆఫ్రికా మాటలను వేల సంఖ్యలో వెలికి తీసి 1949లో గ్రంథం వేసిన నల్లజాతి పండితుడు లొరెంజో టర్నర్, ఈ షౌట్ అనే మాట ఇంగ్లీషులోని కేక కాదని, అరబీ షౌత్ అని ఊహించాడు. కాబా చుట్టూ చేసే తవాఫ్‌లో ఒక్కొక్క చుట్టును షౌత్ అంటాం. వినడానికి మనకు ఎంతో బాగుంటుంది. కాని ఒకేలా వినిపించే మాటలన్నీ ఒకే వేరు నుంచి రావు. వలయ నృత్యం కాంగో ప్రాంతపు ఆచారంలోనూ ఉంది. మన సంతోషం కోసం దాన్ని రుజువైన విషయంగా చెప్పడం తగదు. సరాకా మాట వేరు, దానికి అర్థమూ ఆచారమూ రెండూ సరిపోతున్నాయి.

యుద్ధం ముగిసే ముందు 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఈ దీవుల నేలను విముక్తులైన నల్లవారికి కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఏడాది తిరగకుండానే అధ్యక్షుడు జాన్సన్ దాన్ని తిప్పికొట్టి భూములు పాత యజమానులకే ఇప్పించాడు. అయినా సపేలోవారు పట్టు వదల్లేదు. 1871లో ముగ్గురు కలిసి దీవి ఉత్తరాన రకూన్ బ్లఫ్ అనే చోట సుమారు 1000 ఎకరాలు కొన్నారు. ఆ ముగ్గురిలో ఒకడి పేరు బిలాలీ బెల్. తాత పేరు భూమి దస్తావేజు మీదికి ఎక్కింది, ఈసారి కొనేవాడిగా.

ఆ భూమి నిలవలేదు. ఇరవయ్యో శతాబ్దంలో దీవిలో అధిక భాగం ఒక పొగాకు కుబేరుడి చేతికి వచ్చింది. ఆయన అక్కడక్కడా ఉన్న ఊళ్ళవారిని ఒకేచోటికి, హాగ్ హమ్మాక్ అనే పల్లెకు చేర్చాడు. పేరులో పంది ఉంది. బిలాలీ వినలేదు, నయం. ఆ దీవిలో పుట్టి పెరిగి, తాను బిలాలీ వంశమని చెప్పుకుంటూ దీవి చరిత్రను పుస్తకంగా రాసిన కార్నీలియా వాకర్ బెయిలీ 2017లో చనిపోయారు. బెయిలీ అనే ఇంటి పేరు బిలాలీ నుంచే వచ్చిందని అక్కడివారు అనుకుంటారు. 2006లో అమెరికా పార్లమెంటు ఈ తీరాన్నంతా గుల్లా గీచీ సాంస్కృతిక ప్రాంతంగా ప్రకటించింది. ఆ గౌరవం వచ్చినా భూమి పన్నులు తగ్గలేదు, సెలవుల ఇళ్ళు కట్టుకునే ధనవంతులు ఆగలేదు. 2023లో అక్కడి కౌంటీ పాలకులు పెద్ద ఇళ్ళకు అనుమతి ఇస్తూ నిబంధన మార్చారు, ఊరివారు కోర్టుకు వెళ్ళారు. 2024 అక్టోబర్ 19న సపేలో సంస్కృతి పండుగ రోజున పడవ రేవు వంతెన విరిగి ఏడుగురు చనిపోయారు. ఇప్పటికీ ఆ దీవికి వంతెన లేదు. పడవ మీదే పోవాలి.

పుస్తకం మాత్రం నీళ్ళు దాటి వచ్చి ఏథెన్స్ పట్టణంలో విశ్వవిద్యాలయపు గదిలో ఉంది. చివరి పుటల్లో సిరా మరీ చెదిరిపోయింది. చదవగలిగినంత వరకు చదివినవారు, నమాజు అధ్యాయం మధ్యలోనే అది ఆగిపోయిందంటారు.